ఆదివారం కరెంటు ఉచితం

ఓటాహుహు, ఆక్లాండ్
9 మే 2017

ప్రియమైన తమ్ముడు కెపువేలికి,
మెలెనైటే అక్క ప్రేమతో రాసేది.

ఈ ఉదయం టీ నీళ్ళు మరిగేదాకా నిలబడి ఉంటే ఒక పాత మంగళవారం గుర్తొచ్చింది. ప్రత్యేకమైన రోజేమీ కాదు. అప్పుడు నీకు ఐదేళ్ళు, నాకు పందొమ్మిది. ఐదున్నరకి అమ్మ వంటింట్లో లైటు వేసింది. కిటికీ అద్దం లోపలివైపు నీళ్ళు కారుతుంటే నేను పాత తువ్వాలుతో తుడిచాను. నాన్న మాంసం ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగి వచ్చి రబ్బరు బూట్లు గడప బయట విప్పాడు. మీరు మగపిల్లలు ముగ్గురూ దుప్పట్లు కప్పుకుని, మీరు పడుకునే గరాజులోంచి పరుగెత్తుకొచ్చారు.

రెండు కడ్డీల హీటరు బల్ల కింద ఉండేది. అమ్మ నియమం నీకు తెలుసు. ప్రార్థన మొదలైనప్పుడు హీటరు వెయ్యాలి, ఆమెన్ అనగానే ఆర్పాలి. ఆ రోజు ప్రార్థన నీ వంతు. అమ్మ కోసం, నాన్న కోసం, నానమ్మ కోసం ప్రార్థించావు. తర్వాత టోంగాలో ఉన్న మేనమామలు, వాళ్ళ పందులు, పక్కింటి ముసలాయన. బస్సు డ్రైవరు దాకా వచ్చేసరికి నాన్న కళ్ళు తెరవకుండానే అన్నాడు: "ఆమెన్ అనరా నాయనా. ప్రభువుకి వినబడింది. మీటరుకి కూడా వినబడుతోంది."

అమ్మ నవ్వు ఆపుకోలేక దగ్గింది. నేను జావ పోశాను. నీ గిన్నెలో పంచదార కాస్త ఎక్కువ వేశాను. అమ్మ ఆఫీసులు తుడవడానికి వెళ్ళింది, నాన్న పడుకున్నాడు, నేను నిన్ను బడి గేటు దాకా దింపాను. అంతే. ఇంకేమీ జరగలేదు. ఎందుకో రోజంతా దాన్నే తలుచుకుంటున్నాను.

మీ చంటిది లెసియెలి ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చినందుకు దేవునికి స్తోత్రం. నెల ముందే పుట్టిన పిల్ల. ఆ గది పద్దెనిమిది డిగ్రీలకి తగ్గకూడదని నర్సమ్మ చెప్పినట్టు రాశావు. ఈ ఒక్క చలికాలం వెచ్చగా దాటితే ఊపిరితిత్తులు గట్టిపడతాయట. మిగతావన్నీ దాని తర్వాతే.

నువ్వు పంపిన కరెంటు కంపెనీ కాగితం చూశాను. మీ పాత ప్లాను ఈ నెలాఖరుతో ఆగిపోతుందని, మూడింటిలో ఒకటి ఎంచుకోమని ఉంది. పెద్దదాన్ని కనుక నన్ను చూడమన్నావు. చూశాను. అర్థమైంది తక్కువ. మొదటిది తక్కువ వాడేవాళ్ళది, వినయంగా కనిపించింది. రెండోది ఎక్కువ వాడేవాళ్ళదట. రోజు చార్జీయే డాలరు అరవై సెంట్లు. అది పెద్ద ఇళ్ళవాళ్ళకి అనుకుంటాను. మూడోదానిలో ఆదివారం ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా కరెంటు ఉచితం. అది చదివి మనసు సంతోషపడింది. ఒక్క కంపెనీవాడికైనా ఆదివారం గుర్తుందే అనుకున్నాను. అమ్మ ఉంటే మురిసిపోయేది.

నీకు తోచింది చెయ్యి. అల్లుతున్న దుప్పటి సగమైంది.

మీ అందరి కోసం ప్రార్థిస్తూ,
అక్క

*

ఓమరు
20 మే 2017

గౌరవనీయులైన అక్కగారికి,
తమ్ముడు కెపువేలి నమస్కారాలు.

మీ ఉత్తరం మీ మరదలు కలోలైనేకీ పిల్లలకీ చదివి వినిపించాను. బస్సు డ్రైవరు కోసం ప్రార్థించిన సంగతి నాకు గుర్తు లేదు. పెద్దపిల్లలిద్దరూ ఇప్పుడు నేను కళ్ళు మూసుకోగానే "నాన్నా, బస్సు డ్రైవరు" అంటున్నారు.

మీ మాట ప్రకారం ఆదివారం ప్లానే తీసుకున్నాం. ఏడాది ఒప్పందం. ఫోనులో అమ్మాయి, ఆదివారాలు ఎక్కువసేపు ఇంట్లోనే ఉంటారా అని అడిగింది. దేవుని ఇంట్లో ఉంటాం అన్నాను. ఇంట్లోనే అని రాసుకున్నట్టుంది పాపం.

లెసియెలి నాలుగు కిలోలు దాటింది. మా మాంసం ఫ్యాక్టరీకి వచ్చే గొర్రెలు తగ్గుతున్నాయి. జూన్ మధ్యకి మూసేస్తారు, మళ్ళీ తెరిచేది చలికాలం పోయాకే. కలోలైనే మీకు ప్రత్యేకంగా నమస్కారాలు చెప్పమంది.

మీ విధేయుడు,
కెపువేలి

*

ఓటాహుహు
4 జూన్ 2017

ప్రియమైన తమ్ముడికి,
ప్రభువు కృప మీ ఇంట నిలిచి ఉండును గాక.

నా మాట ప్రకారం అని రాశావు. నేనేం చెప్పానో నాకు గుర్తు లేదు. పోనీలే, మంచిదే అయి ఉంటుంది.

వృద్ధాశ్రమం వంటింట్లో ఈ వారం నాకు పొద్దుటి పని పడింది. అక్కడ గోడగోడకీ వెచ్చదనం. తొంభై ఏళ్ళ ఆవిడ ఒకామె రోజూ నన్ను పిలిచి కిటికీ తెరవమంటుంది, మూయమంటుంది, మళ్ళీ తెరవమంటుంది. ఇంట్లో అమ్మ చివరి చలికాలం గుర్తొస్తుంది. హీటరు తనవైపు తిప్పితే, మళ్ళీ నావైపు తిప్పేసేది.

ఒక విషయం రాయక తప్పదు. మీ ఊరి పాస్టరమ్మగారు చర్చి మహాసభలకి వచ్చి నా పక్కనే కూర్చున్నారు. మంచి మనిషి, చెడ్డగా చెప్పలేదు. ఆదివారం ఆరాధన నుంచి వస్తుంటే మీ పెరటి తీగ నిండా తడి బట్టలు చూశానన్నారు. వాషింగ్ మెషీను చప్పుడు కూడా వినబడిందట. నేను తల దించుకున్నాను.

ఆదివారం నాన్న ఉము గుంటలో నిప్పు వేసేవాడు. తిండి వండుకోవాలి కనుక ఎవరూ తప్పనలేదు. కానీ బట్టలు ఉతకడం మన ఇంట ఎప్పుడూ లేదు. శనివారం రాత్రికే బకెట్లు బోర్లించేవాళ్ళం. కలోలైనే అలిసిపోయి ఉంటుంది, అర్థం చేసుకోగలను. అయినా చెప్పడం నా బాధ్యత.

దుప్పటి పూర్తయింది. పార్సిల్లో వేశాను. పసుపు రంగు.

అక్క

*

ఓమరు
15 జూన్ 2017

గౌరవనీయులైన అక్కగారికి,

తప్పు మాదే. ఆదివారం బట్టలు ఉతకడం ఆగిపోయింది. ఇక మీద మీ చెవిన అలాంటి మాట పడదు.

దుప్పటి అందింది. లెసియెలికి చుట్టాం. ముఖం ఒక్కటే బయటికి కనిపిస్తోంది.

నిన్న ఫ్యాక్టరీ మూసేశారు. సోమవారం నేను బ్లెన్‌హైమ్ వెళ్తున్నాను. ద్రాక్షతోటల్లో తీగలు కత్తిరించే పని, ఆగస్టు నెలాఖరు దాకా ఉంటుంది. మనవాళ్ళు పదిమంది కలిసి ఒక షెడ్డులో ఉంటాం. అక్కడ ఫోను సరిగా పలకదు. అందుకని చిరునామా వెనక రాశాను.

ఇక్కడ అంతా బాగానే ఉంది.

మీ విధేయుడు,
కెపువేలి

*

ఓటాహుహు
2 జూలై 2017, ఆదివారం

ప్రియమైన తమ్ముడికి,

మధ్యాహ్నం ఆరాధనకి ఇంకా గంట టైముంది.

నిన్న ఓమరుకి ఫోను చేశాను. కలోలైనే అంతా బాగానే ఉందంది. నువ్వు రాసిన మాటే, అక్షరం తేడా లేదు. కానీ ఆమె మాటల వెనక దగ్గు వినిపించింది. చిన్న దగ్గు. పిల్లి తుమ్మినట్టు. అడిగితే జలుబంది. పొద్దున్న గడ్డి మీద మంచు గట్టిగా పడుతోందట.

నువ్వు పుట్టినప్పుడు అమ్మ ఆరు వారాలకే పనిలోకి వెళ్ళిపోయింది. నేను బడి మానేశాను ఆ ఏడాది. నిన్ను వీపుకి కట్టుకుని గిన్నెలు తోమేదాన్ని. నా జడ పట్టుకుని నిద్రపోయేవాడివి. పెద్దయ్యాక అక్కాతమ్ముళ్ళు దూరంగా మెలగాలన్న మన ఆచారం మనకుంది, ఒక గదిలో కూర్చుని టీవీ కూడా చూడలేదు మనం. కానీ ఆ ఏడాది బరువు ఇంకా నా వీపు మీద ఉన్నట్టే ఉంటుంది.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పెద్ద గదిలో గోడకి కొత్త హీటరు పెట్టించాను. ఒక్క మనిషికి అంత వేడి ఎందుకు? లెసియెలి ఈ చలికాలం నా దగ్గర ఉంటే ఎంత బాగుండును అనిపిస్తుంది. ఆక్లాండ్‌లో మంచు పడదు.

నీ చేతులు జాగ్రత్త. ఆ కత్తెరలు పదునుగా ఉంటాయని విన్నాను.

అక్క

*

బ్లెన్‌హైమ్
9 జూలై 2017

గౌరవనీయులైన అక్కగారికి,

మీ ఉత్తరం శుక్రవారం అందింది. మీరు పిల్లని కోరారు. మేనత్త కోరాక మాటేముంది?

తోట యజమాని ఆఫీసు ఫోను నుంచి కలోలైనేకి చెప్పాను. ఈ నెల ఇరవై ఐదుకి టికెట్ తీశాం. పిల్ల బట్టలు ఒక సంచీ, మందులు ఒక సంచీ. ఆమె తీసుకొచ్చి మీ చేతుల్లో పెట్టి మర్నాడు తిరిగి వస్తుంది. మీరు ఎంతకాలం ఉంచుకోవాలనుకుంటే అంతకాలం.

ఇక్కడ రోజుకి నాలుగొందల మొక్కలు కత్తిరిస్తున్నాను. మొదటి వారం రెండొందలే. రాత్రి పాటలు పాడుకుంటాం. మంద్రం పాడేవాడు లేక నన్ను పాడమన్నారు. నాన్న గొంతులా ఉందని ఒకాయన అన్నాడు.

మీ విధేయుడు,
కెపువేలి

*

ఓమరు
13 జూలై 2017

వదినగారికి,
కలోలైనే నమస్కరించి రాసేది.

మీకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. ఆయనకి చెప్పలేదు. తప్పయితే తప్పు నాదే. మా అమ్మానాన్నల పెంపకాన్ని మాత్రం అనకండి.

మీరు పిల్లని అడిగారని ఆయన చెప్పారు. మేనత్త అడిగితే బిడ్డని ఇవ్వననే తండ్రి మనవాళ్ళలో లేడు. నాకు తెలుసు. సంచీ సర్దాను. సర్ది మళ్ళీ విప్పాను. మూడుసార్లు.

ఇంట్లో జరిగింది మీకెవరూ చెప్పలేదు. నేను చెప్తాను.

ఆదివారం ప్లానులో రోజు చార్జీ డాలరు తొంభై సెంట్లు. ఆదివారం ఆ ఎనిమిది గంటలు తప్ప వారమంతా యూనిట్‌కి ముప్పై ఐదు సెంట్లు. ఆ ఎనిమిది గంటలూ మేం చర్చిలో ఉంటాం. ఉదయం ఆరాధన, కాయర్, మధ్యాహ్నం ఆరాధన. మధ్యలో ఇంటికి వచ్చి, ఓవెన్‌లో పెట్టి వెళ్ళిన లూ తినేసి మళ్ళీ వెళ్తాం. ఉచితంగా మాకు వచ్చింది ఆ కూర ఒక్కటే.

అందుకే ఆదివారం తొమ్మిది కొట్టగానే బట్టలు మెషీనులో వేసి చర్చికి పరుగెత్తేదాన్ని. చంటిపిల్ల గుడ్డలు వారం మొత్తానివి. పాస్టరమ్మగారు చూసింది అవే. మీ ఉత్తరం వచ్చాక మానేశాం. బుధవారం, శనివారం ఉతికాం. అక్కడ పెరిగిన బిల్లుకి హీటరు తగ్గించాం. మొదట పగలు ఆర్పాం. తర్వాత రాత్రి రెండు గంటలు ఆర్పాం. ఆయన పని ఆగిపోయాక సాయంత్రం మాత్రమే వేశాం. గదిలో వేలాడదీసిన నర్సమ్మ థర్మామీటరు పన్నెండు చూపించింది.

పోయిన నెల ఇరవై ఎనిమిదిన పిల్లకి ఊపిరి అందలేదు. రెండు రాత్రులు ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. మీరు ఫోను చేసింది ఇంటికి తెచ్చిన మర్నాడే. అబద్ధం చెప్పాను. ఆయన వెళ్ళేటప్పుడు అక్కకి ఏదీ చెప్పొద్దన్నారు. "అక్క ఎంచి ఇచ్చిన ప్లాను. బాగోలేదని ఎలా అంటాం?" అన్నారు.

వదినా, మీ మే నెల ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. మీరు ఆ ప్లాను తీసుకోమనలేదు. చూసి మురిసిపోయారు, అంతే. నీకు తోచింది చెయ్యమని కూడా రాశారు. ఆయనకి ఆ రెండింటికీ తేడా తెలియదు. మీరు ఆకాశం బాగుందంటే నిచ్చెన తెచ్చే మనిషి.

పిల్లని అడిగింది కూడా అలాంటిదేనా? నాకు తెలియదు. మీరు నిజంగా అడిగి ఉంటే ఇరవై ఐదున తెస్తాను. మాట తప్పను. కానీ నేను పాలిస్తున్నాను. ఆ సంగతి కూడా మీకు తెలియాలని రాస్తున్నాను.

మీ మరదలు,
కలోలైనే

*

ఓటాహుహు
17 జూలై 2017

కెపువేలీ,

నీ ఉత్తరం, కలోలైనే ఉత్తరం ఒకే రోజు వచ్చాయి. నీది ముందు చదివాను. చదివి సంతోషించాను, దాచను. గది తుడిచాను. అటక మీద నుంచి చిన్న మంచం దింపాను. అప్పుడు ఆమెది విప్పాను.

ఆమె మీద కోపగించకు. ఆమె రాయకపోతే నాకు తెలిసే దారి లేదు.

నేను పిల్లని అడగలేదు తమ్ముడూ. ఒంటరిగా ఉండి ఏదో రాశాను. ప్లాను కూడా తీసుకోమనలేదు. కానీ నా మాట నీకు ఎలా చేరుతుందో నాకు తెలిసి ఉండాల్సింది. యాభై ఆరేళ్ళ దాన్ని. అలవాటైపోయింది, నేను అనడం, మీరు చెయ్యడం. నాన్న పోయాక ముగ్గురు తమ్ముళ్ళలో ఒక్కరూ నాకు ఎదురు చెప్పలేదు. అది నా గొప్ప అనుకున్నాను.

బట్టల సంగతి రాసినప్పుడు, ఆదివారమే ఎందుకు ఉతికారని ఒక్క ప్రశ్న అడగలేదు. దాని కోసం రెండు రోజులుగా మోకాళ్ళ మీద ఉన్నాను.

పన్నెండు డిగ్రీలు.

ఇప్పుడు నిజంగా ఒకటి అడుగుతున్నాను. ఇది మాత్రం అడగడమే. ఇరవై ఐదున పిల్ల రావాలా, వద్దా? నాకు ఇష్టమైనది రాయకు. నీ మనసులో ఉన్నది రాయి. ఉన్న మాట కాదు అన్నదైతే, కాదు అనే రాయి.

అక్క

*

బ్లెన్‌హైమ్
22 జూలై 2017

అక్కగారికి,

ఈ ఉత్తరం నాలుగోసారి మొదలుపెడుతున్నాను. ముందు మూడింటిలో మీరు ఎలా అంటే అలా అని రాశాను. షెడ్డులో పొయ్యి వెలిగించడానికి పనికొచ్చాయి.

కాదు అక్కా.

పిల్ల రాదు. ఆమె తల్లి దగ్గర ఉంటుంది.

రాసి లేచి బయటికి వెళ్ళి వచ్చాను. ఏమీ జరగలేదు. వర్షం పడుతోంది, అంతే.

మీరు పెంచారు నన్ను. మీకు కాదు అంటే అమ్మకి అన్నట్టే ఉంటుంది. ఆదివారం ప్లాను బాగోలేదని నాకు మొదటి బిల్లుకే తెలుసు. కంపెనీకి ఫోను చెయ్యాలని రెండుసార్లు అనుకున్నాను. చేస్తే మీ మాట తీసేసినట్టు అవుతుందనుకున్నాను. పిల్లకి ఆక్సిజన్ పెట్టిన రోజు నేను ఇక్కడ తీగలు కత్తిరిస్తున్నాను. నాకు తెలిసింది మూడు రోజుల తర్వాత. ఆ మూడు రోజులూ నేను పాడిన పాటలు గుర్తొస్తే సిగ్గేస్తుంది.

నేను ఆగస్టు దాకా రాలేను. ఇంటి విషయంలో కలోలైనే ఏమంటే నా తరఫున కూడా అదే. ఈ మాట కాగితం మీద ఉండాలని రాస్తున్నాను.

మీరు వెళ్ళగలిగితే వెళ్ళండి. ఇది మర్యాదకి కాదు. ఆమె ఒక్కతే ఉంది.

తమ్ముడు,
కెపువేలి

*

ఓమరు
29 జూలై 2017, శనివారం

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం అందిన రోజే ఆశ్రమంలో రెండు వారాలు సెలవడిగాను. కాదు అని నువ్వు రాసిన కాగితం బైబిల్లో పెట్టుకుని బయలుదేరాను. క్రైస్ట్‌చర్చ్ దాకా విమానం, అక్కడి నుంచి బస్సు. నిన్న మధ్యాహ్నం దిగాను. కలోలైనే పిల్లని ఎత్తుకుని స్టాపులో నిలబడి ఉంది. పిల్లని నా చేతుల్లో పెట్టింది. ఇంటి దాకా మోశాను. ఐదు కిలోల మూడొందలు. ముక్కు మన నాన్నది. ఇల్లు రాగానే తిరిగి తల్లికి ఇచ్చాను. అప్పుడు ఆమె కళ్ళు తుడుచుకుంది.

నీ జవాబు వచ్చేదాకా ఆగమని నేను ఫోను చేశాక కలోలైనే రద్దు చేసిన టికెట్ డబ్బు ఈ ఉదయం వెనక్కి తెప్పించి, సరిపోక నా దగ్గరున్నది కలిపి బిల్లుకి తీసిపెట్టి, హీటరు వేశాం. సాయంత్రానికి గది పందొమ్మిదికి వచ్చింది.

కాగితాలు బల్ల మీద పరిచి ఇద్దరం కూర్చున్నాం. ఆమె నాకు చెప్పింది, నేను విన్నాను. రోజు చార్జీ అంటే చర్చి వ్యానుకి నెలనెలా ఇచ్చేదానిలాంటిదట. ఎక్కినా ఇవ్వాలి, ఎక్కకపోయినా ఇవ్వాలి. యూనిట్ రేటు, ఎక్కినన్ని సార్లకి టికెట్. తక్కువ వాడేవాళ్ళ ప్లానులో వ్యాను చందా తక్కువ, టికెట్ ఎక్కువ. ఒంటరిదాన్ని, నాకది సరిపోతుంది. ఐదుగురున్న ఇంటికి, చంటిపిల్లకి రాత్రీ పగలూ హీటరు నడవాల్సిన ఇంటికి, చందా ఎక్కువైనా టికెట్ తక్కువ ఉండాలి. నేను గొప్పవాళ్ళదని పక్కకి తోసిన రెండోది అదే. వినయం మనిషికి ఉండాలి కానీ మీటరుకి ఉండనక్కర్లేదని నాకు ఇప్పుడు తెలిసింది.

పోయిన నెల బిల్లులో ఉచితంగా వాడింది ఎంతో చూపించింది. పందొమ్మిది యూనిట్లు. దాదాపు అదంతా లూ ఉడికిన ఓవెన్.

తర్వాత కంపెనీకి ఫోను చేసింది. నేను పక్కన కూర్చుని పిల్లని జోకొట్టాను. ఒప్పందం మధ్యలో మానేస్తే జరిమానా అని మీరిద్దరూ భయపడ్డారట. వేరే కంపెనీకి పోతేనే అదట. అదే కంపెనీలో ఒక ప్లాను నుంచి ఇంకో ప్లానుకి మారడానికి ఏమీ కట్టక్కర్లేదని అవతలి అబ్బాయి చెప్పాడు. "ఎప్పుడైనా మారొచ్చండీ. అడిగితే చాలు" అన్నాడు. కలోలైనే ఫోను చేత్తో మూసి నావైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. అడగడం మన ఇంట్లో ఎవరికీ రాదు.

అబ్బాయి ఇప్పుడే మార్చేయమంటారా అని అడిగాడు. ఆమె, సాయంత్రం ఇంట్లో మాట్లాడుకుని చెప్తానంది.

సాయంత్రం ప్రార్థన అయ్యాక అందరం బల్ల చుట్టూ కూర్చున్నాం. పెద్దపిల్లలిద్దరూ కూడా ఉన్నారు. అలవాటు ప్రకారం అందరూ నా నోటి వైపు చూశారు. నేను నీ ఉత్తరం తీసి ఒక పేరా చదివాను. కలోలైనే ఏమంటే అదే అన్నది. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కష్టంగానే ఉంది. రెండుసార్లు నోరు తెరిచి మూశాను. చిన్నవాడు అది చూసి నవ్వాడు.

మా నిర్ణయం ఇది.

సోమవారం నుంచి రెండో ప్లాను. వారమంతా, రాత్రీ పగలూ ఒకటే రేటు. పిల్ల గడియారం చూసి ఊపిరి పీల్చదు కదా అని కలోలైనే అంది. అక్టోబరు దాకా ఆ గదిలో హీటరు ఆర్పేది లేదు. బిల్లు మీద ఇక ఆమె పేరు ఉంటుంది. కంపెనీ నుంచి ఏ కాగితం వచ్చినా ముందు ఆమె చదువుతుంది.

ఆదివారం మెషీను నడవదు. అది నేను చెప్పలేదు, ఆమే చెప్పింది. ఉచితం కాకపోయాక ఆదివారమే ఉతకాల్సిన పనేముంది అంది. పాస్టరమ్మగారికి నేను స్వయంగా వెళ్ళి జరిగింది చెప్తాను.

ఆఖరున నా సంగతి వచ్చింది. గురువారం బస్సుకి తిరిగి వెళ్తానన్నాను. ఆశ్రమంలో సెలవు ఉన్నా, వచ్చిన పని అయిపోయింది, ఇంట్లో ఒక మనిషి ఎక్కువైతే ఇబ్బంది అన్నాను. కలోలైనే పిల్లని భుజం మార్చుకుంది.

"కుదరదు వదినా," అంది. "ఆయన వచ్చేదాకా ఉండండి. ఆశ్రమానికి సోమవారం నేను ఫోను చేసి సెలవు అడుగుతాను."

పిల్లలిద్దరూ నావైపు చూశారు.

ఉంటున్నాను.

అక్క